మచ్చలు అడిగిన దరఖాస్తు

మా అట్టపెట్టెల ఫ్యాక్టరీకి రెండు గేట్లు. లారీలు వచ్చే గేటుకు నున్నటి రోడ్డు, సైకిళ్లు వచ్చే గేటుకు కంకర తేలిన మలుపు. వేగంగా తిరిగితే చక్రం జారుతుంది, మెల్లగా తిరిగితే సగం రోజు హాజరు పోతుంది. హాజరు పోవడం కన్నా చర్మం పోవడమే నయమనుకునేవాళ్లం. నేనే నాలుగుసార్లు పడ్డాను. ప్యాకింగ్ సెక్షన్‌లో అదేమంత గొప్ప కాదు.

పడినవాళ్లు చేరేది క్యాంటీన్ వెనక గదికి. అందులో ఒక బల్ల, ఒక కుళాయి, సిస్టరమ్మ. ఇరవై రెండేళ్లుగా మా గాయాలన్నీ ఆవిడ చేతి మీదుగానే మానాయి. కుంటుకుంటూ వెళితే ముందు చీవాట్లు, తర్వాత నీళ్లు.

"స్పిరిట్ పొయ్యరా సిస్టరమ్మా?" అని అడిగానొకసారి.

"మండితేనే మందనుకుంటారేంటి మీరంతా? నీళ్లు చాలు. కాలు ఇటు పెట్టు."

కుళాయి ధార కింద గాయాన్ని బాగా కడిగి, పట్టకారుతో కంకర నలుసులు ఒక్కొక్కటే ఏరేది. ఒక్కటి మిగిలినా చర్మం దాని మీదే మూసుకుపోయి, నల్లమచ్చ జన్మంతా ఉండిపోతుందట. ఆపైన పలచగా పెట్రోలియం జెల్లీ, పుండుకు అంటుకోని గాజుగుడ్డ. రోజూ వెళ్లి కట్టు మార్పించుకోవాలి. మా ఫోర్‌మన్ ఒకసారి, గాలి తగిలితే త్వరగా ఎండుతుందని కట్టు విప్పుకుని తిరిగాడు.

"ఎండాల్సింది మీ చొక్కా అండీ, పుండు కాదు. తడి ఆరిపోతే పక్కు కడుతుంది, మీరు ఊరుకోకుండా గిల్లుతారు, మచ్చ పడుతుంది. ఇంత చదువుకున్నారు, ఇదెవరూ చెప్పలేదా?" అంది.

మానాక కూడా కొత్త చర్మానికి నెలల తరబడి ఎండ తగలకూడదంది. ఆ పెద్దమనిషి మోకాళ్ల దాకా మేజోళ్లేసుకుని బడిపిల్లాడిలా తిరుగుతుంటే చాటున నవ్వుకున్నాం. మచ్చ మాత్రం పడలేదు.

కిందటేడు జిగురు సెక్షన్‌లో పనిచేసే మా వదిన ఆ మలుపులో పడి, పెద్ద రోడ్డు మీదికి జారిపోయింది. లారీ ఆమె తలకు జానెడు దూరంలో ఆగింది. మోచెయ్యి దోక్కుపోయిందంతే. కానీ ఇంకోసారి ఎవరైనా పడితే చర్మంతో సరిపెట్టుకోలేమని అందరికీ అర్థమైంది. నూట అరవై సంతకాలతో రోడ్ల ఆఫీసుకు దరఖాస్తు పెట్టాం.

మూడు నెలలకు ఆఫీసరు వచ్చాడు. ఆయన ఫారంలో ఒక గడి ఉంది: 'బాధితుల ఒంటిపై శాశ్వత గుర్తులు'. మేమంతా ప్యాంట్లు మడిచి, చొక్కా చేతులు పైకి లాగి వరసగా నిలబడ్డాం. ఆయన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

"ఎవరికీ ఏమీ లేదే. మీరు నిజంగా పడ్డారా?"

"సిస్టరమ్మ రిజిస్టరు చూడండి సార్" అన్నాడు ఫోర్‌మన్.

"చూశాను. అన్నీ చిన్న గాయాలే. చిన్న గాయాలకి రోడ్డు వేస్తారా?"

అందరం సిస్టరమ్మ వైపు చూశాం. ఒక్క మచ్చయినా మిగల్చకపోయావా తల్లీ అన్నట్టు చూశామని చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గుగా ఉంది. ఇరవై రెండేళ్ల పనితనం మా నోట్లో మట్టి కొట్టింది.

సిస్టరమ్మ కుడిచేతి గుండీ విప్పి, చొక్కా మోచేతి పైకి లాగింది. ఆవిడ ఏడాది పొడుగునా పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం ఉద్యోగ మర్యాద అనుకునేవాళ్లం. మోచేతి వెనక అరచెయ్యంత మచ్చ, దాన్నిండా నీలం నలుపు చుక్కలు.

మూడేళ్ల కిందట ఒక వానపొద్దున ఏడుగురం పడ్డాం. ఎనిమిదో మనిషి ఆవిడేనని మాకు తెలియదు. మా ఏడుగురికీ కట్లు కట్టేసరికి ఆవిడ గాయం ఎండిపోయింది. మోచేతి వెనక నలుసులు ఏరుకోవడానికి తన చెయ్యి అందదు, ఇంకొకరిని అడగడానికి నామోషీ. పైపైన తనే గుడ్డ చుట్టుకుంది.

"నా పనికి ఇది అవమానం సార్. అయినా చూడండి. ఇందులో ఉన్నది ఆ మలుపు కంకరే" అంది.

ఆఫీసరు కళ్లజోడు సవరించుకుని చుక్కలు చూశాడు. గడి నింపాడు.

"అయ్యో, దీనికి కట్టు కట్టిందెవరమ్మా?"

"నేనే సార్."

"అదీ సంగతి" అని కింద ఇంకో వాక్యం రాశాడు.

నెల తిరక్కుండా మలుపుకు తారు పడింది. దానితోపాటే ఒక ఉత్తరువు కూడా వచ్చింది. ప్రథమ చికిత్సలో లోపం కనిపించినందున సిస్టరుకు పది రోజుల శిక్షణ అట. పుండు మీద కారం చల్లడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మళ్లీ సంతకాలు పెడతామని ఎగబడ్డాం.

"ఊరుకోండి. ఇంకో దరఖాస్తు పెడితే వేసిన రోడ్డు తవ్వుకుపోతారు" అంది.

శిక్షణకు వెళ్లింది. పాఠం చెప్పింది ఆవిడ కూతురి వయసు పిల్ల. మొదటి రోజే ఆ పిల్ల, సరిగా కట్టని గాయం ఎలా ఉంటుందో చూపించడానికి సిస్టరమ్మను లేచి నిలబడమంది. ఆవిడ చొక్కా చేతిని పైకి లాగి, క్లాసంతా తిరిగి చూపించింది. అందరూ పుస్తకాల్లో రాసుకున్నారు. సిస్టరమ్మ తన చోటుకు వచ్చి కూర్చుని, తనూ రాసుకుంది.