సానరాయి చప్పుడు ఎక్కడ మారింది

బంధువుల్లో ఆయన పేరు 'సినిమాయన'. పేరు గొప్పే గానీ, చేసే పని ఊరందరి వీడియోలూ కత్తిరించి అతికించడం. లిఫ్టులో ఇరుక్కుంటే ఏం చెయ్యాలి, నిప్పంటుకుంటే ఎటు పరిగెత్తాలి, నిచ్చెన ఎక్కేముందు ఏం చూసుకోవాలి... కంపెనీలు తీయించుకునే ఇలాంటి పాఠాలన్నీ ఇంట్లోనే కూర్చుని ఎడిట్ చేసి పంపేవాడు. వెనకగదిలో బీరువాకీ కిటికీకీ మధ్య ఒక బల్ల, దాని మీద రెండు తెరలు, చప్పుడు మారుమోగకుండా గోడకి మేకులు కొట్టి బిగించిన పాత పరుపు ముక్కలు. అదే ఆయన స్టూడియో. వయసు నలభై ఆరు.

ఆ పని ఇల్లు గడవడానికి. మనసు పెట్టిన పని వేరే ఉంది. సైకిలుకి సానచక్రం బిగించుకుని వీధివీధీ తిరిగే ఒక పెద్దాయన వెంట నాలుగేళ్ళు కెమెరా పట్టుకు తిరిగి సొంతంగా ఒక సినిమా తీశాడు. పెద్దాయనకి చూపు సగం పోయింది. "కంటితో ఏం పని బాబూ? పదునెక్కిందో లేదో కత్తే చెబుతుంది, గొంతు మార్చి" అనేవాడు. నిజమే. రాయి మీద కర్రుకర్రుమనే కత్తి, అంచు కుదిరిన క్షణాన సన్నగా ఈల వేసేది. పెద్దాయన అక్కడ చెయ్యి తీసేసేవాడు. సినిమాకి ఆయువుపట్టు ఆ చోటే. ఈల ఎత్తుకోగానే తెర మీదకి పెద్దాయన మొహం రావాలి. వెంట్రుకవాసి ముందైనా, వెనకైనా చప్పబడిపోతుంది.

పోయిన వానాకాలం నుంచి సినిమాయనకి ఆ ఈల వినబడటం లేదు.

ముందు హెడ్‌ఫోన్స్ని తిట్టాడు. కొత్తవి తెచ్చాడు. తర్వాత కంప్యూటర్ని అనుమానించాడు. ఆఖరికి ఇంట్లో చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. చాలాసేపు నొక్కే పనే పడలేదు.

"సన్నటి శబ్దాలు రెండు చెవులకీ పోయాయండీ," అన్నాడు డాక్టరు. "పోయింది తిరిగి రాదు, చెవికి మెషిన్ పెట్టుకున్నా ఆ సన్నటివి అందవు. ఉన్నది కాపాడుకోవాలి. మీరేం పని చేస్తారు?"

"టీచర్ని," అన్నాడు సినిమాయన. ఆ అబద్ధం నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. తీరా అన్నాక, అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న, ఎడిటింగ్ చేసుకోవచ్చా అన్నది, అడిగే దారి మూసుకుపోయింది.

రిపోర్టు బీరువాలో పాత టేపుల కింద దూర్చాడు. అప్పట్నుంచి చెవితో చేసే పని కంటితో చెయ్యడం మొదలెట్టాడు. శబ్దం తెర మీద గీతల్లా కనబడుతుంది కదా, ఆ గీతలు చూసి కత్తిరించేవాడు. భార్య రక్తపరీక్షల ల్యాబులో పని చేసేది. సాయంత్రం వచ్చి, "ఏవండీ, మూడుసార్లు పిలిచాను, ఉలకరు పలకరు!" అంటే "పనిలో ఉన్నా" అనేవాడు. అది ఎప్పుడూ చెల్లే మాటే.

కనిపెట్టింది అత్తగారు. ఆవిడ వాళ్ళతోనే ఉంటుంది. చెవికి మెషిన్ పెట్టుకుని పన్నెండేళ్ళు. ఒక మధ్యాహ్నం కంచాలు తీస్తూ, "అల్లుడుగారూ, ఎన్నాళ్ళయింది?" అంది.

"ఏది అత్తయ్యా?"

"చెవులు. అమ్మాయి హాస్యానికేదైనా అంటే, మీరు మా మొహాలు చూసి ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వుతున్నారు. ఆ విద్యలో నేను మీకంటే సీనియర్ని."

ఆయనకి ఒళ్ళు మండింది. "ఇంట్లో ఒక చెవిటిమేళం చాలదా? నన్నూ కలుపుకోవాలా?" అనేశాడు. పదిహేనేళ్ళలో ఆవిణ్ణి ఒక్క మాట తూలినవాడు కాదు. ఆవిడ కంచాలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం ఆవిడకి స్పష్టంగానే వినబడింది.

ఆ వారంలోనే కంపెనీ మేడమ్ ఫోను. "సార్, వీడియో మొదట్నుంచి చివరిదాకా కీచుమని ఒకటే చప్పుడు. రెండొందల మంది చెవులు మూసుకుని కూర్చున్నారు. అసలు విన్నారా మీరు?"

"ఫైలు పాడై ఉంటుందండీ. మళ్ళీ పంపిస్తా."

"మూడోసారి సార్ ఇది. ఇక వద్దులెండి."

ఫోను పెట్టేసి, సొంత సినిమా తెరిచాడు. సానరాయి షాటు. వీధిలో మోటార్లు, కుక్కలు, జనం, అన్నీ కలిసి గీతలు గడ్డివాములా ఉన్నాయి. ఈల ఏ పోచో తెలీదు. ఏడుచోట్ల కట్ పెట్టి చూశాడు. ఏడూ ఒకలాగే ఉన్నాయి. శబ్దం పూర్తిగా పెంచి, స్పీకరుకి నుదురు ఆనించాడు. ఎముకకి గుడగుడ తప్ప ఏమీ అందలేదు. నాకే వినబడని సినిమా ఇంకెవరికెందుకు అనిపించింది. నాలుగేళ్ళ ఫోల్డరు మొత్తం ఎంచుకుని, చెరిపేసే మీట మీద వేలు పెట్టాడు.

ఇల్లంతా అదిరిపోతున్న ఆ రొదకి అత్తగారు మెషిన్ తీసి చేత్తో పట్టుకుని వచ్చింది. స్పీకరు కట్టేసి, మంచం మీద కూర్చుని, మెషిన్ మళ్ళీ తగిలించుకుంది. ఓదార్చలేదు.

"ఏడవండి. నేను కుళాయి తిప్పి, బాత్‌రూములో ఏడ్చేదాన్ని. అమ్మాయికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెబుతా," అన్నాడు. మీట మీంచి వేలు తీసి, "ఆ రోజు అన్న మాట..." అని మొదలెట్టాడు.

"వినబడలేదు లెండి," అందావిడ.

భార్య అంతా చివరిదాకా వింది. తర్వాత అరిచింది. "ఎనిమిది నెలలు! ఊళ్ళోవాళ్ళ రక్తంలో ఏముందో రోజూ చూసేదాన్ని, పక్కలో మనిషికేమైందో తెలుసుకోలేకపోయాను. నన్నింత పరాయిదాన్ని చేశారు!"

అయినా సెలవురోజున ఆవిడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. ఈల రాగానే ఆయన మణికట్టు మీద తట్టాలని ఒప్పందం. పదిసార్లు విని, నాలుగు వేర్వేరు చోట్ల తట్టింది. "ఇక్కడ... కాదు కాదు, ఇంకాస్త ముందు..."

"ఒక్క ఈల పట్టుకోలేవా!" అని ఆయన గద్దించాడు.

ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేసింది. "నాకు చెవులున్నాయండీ. మీ చెవులు లేవు."

చివరికి ఎక్కువసార్లు తట్టిన చోటే కట్ పెట్టి, కళ్ళు మూసుకుని నూతిలోకి దూకినట్టు, సినిమా ముగించాడు.

ఒక లైబ్రరీ మీటింగు గదిలో చూపించారు. ముప్ఫై మంది వచ్చారు. ముందువరసలో సాన పట్టే పెద్దాయన, శుభ్రంగా గడ్డం గీయించుకుని. ఆ షాటు వచ్చేసరికి సినిమాయన తెర వదిలేసి పెద్దాయన వైపు చూశాడు. జనం చప్పట్లు కొట్టారు. అవి బాగానే వినబడ్డాయి.

అందరూ వెళ్ళాక పెద్దాయన దగ్గరికొచ్చాడు. "బాగుంది బాబూ. కానీ నా చెయ్యి ముందే తీయించేశావు. కత్తి ఇంకా మొద్దుగానే ఉంది."

శబ్దాలు కలిపే మిక్సింగులో పొరపాటు, హాలు స్పీకర్లు బాగాలేవు, ఇలా పది సాకులు నాలిక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"నాకు వినబడటం లేదు పెద్దాయనా."

పెద్దాయన ఆయన మొహంకేసి, సగం చూపుతోనే, తేరిపార చూశాడు. "మరి చెప్పవేం? నేనొచ్చి పక్కన కూర్చునేవాణ్ణిగా."

ఆ బుధవారం సైకిలు గేటుకి ఆనించి వచ్చి, అన్నట్టే కూర్చున్నాడు. మూడోసారికి "ఇదిగో, ఇక్కడ" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వేసినా అదే చోట అన్నాడు. సినిమాయన కట్ అక్కడికి జరిపాడు. తేడా ఆయనకి తెలియలేదు. తెలియదనీ తెలుసు.

పాత కంపెనీలకి ఉన్నదున్నట్టు రాశాడు, ఇకమీదట బొమ్మ మాత్రమే కూర్చగలను, శబ్దం మీరే చూసుకోవాలని. ఒకరిద్దరు "చూద్దాం సార్" అన్నారు. మిగతావాళ్ళు ఆమాత్రమూ అనలేదు. ఇప్పుడు ఎక్కువగా ఇతరుల వీడియోల కింద, వాళ్ళు రాసిచ్చిన మాటల్ని అక్షరాలుగా వేసి పెడుతున్నాడు. నెలలో సగం రోజులు ఆ రెండు తెరలూ నల్లగానే ఉంటాయి.

"ఇంకో సినిమా తీస్తారా?" అని భార్య ఒక రోజు వెనకనుంచి అడిగింది. ఆయన తల తిప్పలేదు. వినబడలేదనుకుందో, వినబడిందనే అనుకుందో, ఆవిడ మళ్ళీ అడగలేదు.