మంచు గుర్తు టైర్లు

పెనుకొండ దాటాక రోడ్డుకి అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. బ్రేకు గట్టిగానే తొక్కాను. కారు తీరిగ్గా జారుకుంటూ పోయి, చివరి గొర్రెకు జానెడు దూరంలో ఆగింది. కాపరి తిడతాడని నేనే ముందు అందుకున్నాను.

"రోడ్డు మీద గొర్రెల్ని తోలడమేంటయ్యా?"

అతను వంగి కారు ముందు టైరును గోటితో గిల్లాడు. "అక్కా, దీనిమీద ఈ పువ్వేంది?"

"పువ్వు కాదు, మంచు గుర్తు. సిమ్లా వాళ్ల దగ్గర కొన్న పాత కారు. ఇవి చలికాలం టైర్లు. విజయవాడ నుంచి వస్తున్నా, ఒళ్లు కదిల్తే ఒట్టు!"

"ఈడ మంచు యాడుండాదక్కా?" తన టైరు చెప్పు విప్పి చేతికిచ్చాడు. "దీన్ని గిల్లు. లారీ టైరుది. కాలికి సుఖముండదు గానీ ముల్లు దిగదు. నీది మెత్తన. ఎండకు ఇంకా మెత్తనైతాది. అందుకే బండి తొందరగా నిలబల్లేదు."

నేనూరుకుంటానా? "తప్పు బ్రేకుదేమో!" అన్నాను. అంటూనే రెండూ గిల్లి చూశాను. చెప్పులో నా గోరు దిగలేదు. టైరులో దిగింది.

"హిందూపురంలో మార్పిస్తాలే," అన్నాను.

"పాతవి పారేయొద్దక్కా. మా అవ్వకు చెప్పులు కోస్తా. ఆమె కాళ్లకు మెత్తనివే కావల్ల."

తిరుగు ప్రయాణంలో నాలుగూ అతని ఇంటి దగ్గర దించి వచ్చాను. సిమ్లా మంచులో తిరగాల్సిన టైర్లు ఇప్పుడు పెనుకొండ దగ్గర ఒక అవ్వ వాకిట్లో తిరుగుతున్నాయి.