ముందు నువ్వు చూడు, చెల్లె

మొన్న దుబాయ్ పాతబజారు నైఫ్‌లో చెప్పులు కొందామని ఒక ఇరుకు కొట్టులోకి అడుగుపెట్టగానే, తడిసి ముక్కిన అట్టపెట్టెల వాసన తగిలింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "క్యా చాహియే, బెహన్?" అని కొట్టతను రెండోసారి అడిగితే గానీ నాకు వినబడలేదు.  ఏళ్లు గడిచినా ఆ వాసన వస్తే మల్లేశం అన్నయ్య ముఖం కళ్లముందుకొస్తుంది.

దుబాయ్ అవతల రాసల్ ఖైమా కొండల కింద ఒక పెద్ద రిసార్టు ఉంది. వాలు మీద చూపుకోసం పెంచిన నాలుగు వరసల ద్రాక్షతీగలు, వాటి వెనక అతిథులకు వైన్ రుచి చూపించే రాతిగోడల గది. వైన్ అక్కడ తయారయ్యేది కాదు, విదేశాల నుంచి వచ్చేది. అయినా కొండల మీద ఎండ ఎర్రబడే వేళకు దుబాయ్ నుంచి కార్లలో వచ్చినవాళ్లు అద్దాల పక్కన కూర్చుని, ఒక్కో గ్లాసూ తిప్పి, వాసన చూసి, రుచి చూసేవారు. 2020 మొదట్లో, ఇళ్లల్లో పని చేసుకుంటున్న నన్ను ఏజెంటు ఆ గదిలో గ్లాసులు కడగడానికి పెట్టాడు. మాది రాజోలు దగ్గర పల్లె. తాగి తాగి మా ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. మొదటిరోజు ఆ గదిలోకి వెళ్లగానే ఆ వాసనకు బయటికి పరుగెత్తి ద్రాక్షతీగల మొదట్లో వాంతి చేసుకున్నాను.

నీళ్లసీసా పట్టుకుని వెనకే వచ్చినవాడు ఆ గదికి పెద్ద, మల్లేశం అన్నయ్య. జగిత్యాల వైపు మనిషి. యాభై దాటాయి. నల్లకోటు, దువ్విన నెరసిన జుట్టు. నా సంగతి విన్నాక సీసా నా చేతికిచ్చి అన్నాడు.

"నిన్ను తాగుమంటలేను, చెల్లె. వాసన చూడుమంటున్న. నేను గూడ తాగ. నోట్ల పోసుకుంట, ఉమ్మేస్త."

"మరి అతిథులకు దాని రుచి ఎలా చెప్తారండీ?"

"మేం గౌండ్లోళ్లం. ఇరవై ఏండ్లు తాడెక్కి కల్లు గీసిన. కుండకాడ ముక్కు వెడితే చాలు, పొద్దటిదో నిన్నటిదో చెప్తుంటి."

నేను నిర్ఘాంతపోయాను. దొరలూ దొరసానులూ మెడలు సాచి వినే ఆ మాటలు ఒక కల్లుగీత మనిషివా! కూలీగా వచ్చి, అక్కడే సీసాల పెట్టెలు మోస్తూ, చెడిన సీసా ఒకటి దూరం నుంచే పసిగట్టాడట. అప్పటి పెద్దాయన పక్కన నిలబెట్టుకుని పని నేర్పాడట.

ఆయన నాకూ అలాగే నేర్పాడు. కళ్లు మూసుకోమని ముక్కు దగ్గర ధనియాలు, చింతపండు, తడిమట్టి, చివరికి తన చెప్పు కూడా పెట్టి ఏమిటో చెప్పమనేవాడు. నవ్వలేక చచ్చేదాన్ని. అంతలో కరోనా వచ్చి గది మూతపడింది. పనివాళ్లుండే మా క్యాంపులో చాలామందితో పాటు ఆయనకూ జ్వరం వచ్చి తగ్గింది.

మళ్లీ తెరిచాక ఆయన కొత్త అలవాటు మొదలుపెట్టాడు. సీసా తీసి గ్లాసు నాకే ఇచ్చేవాడు. "ముందు నువ్వు చూడు, చెల్లె. నేర్చుకోవాలె గద." నేరేడుపండు, కాస్త పొగ అని నేనంటే, లోపలికి వెళ్లి అదే మాటను అందమైన ఇంగ్లీషులో చెప్పేవాడు. నా మాట నిలబడిందని మురిసిపోయి మా అమ్మకు ఫోన్ చేసి చెప్పుకునేదాన్ని.

ఒక సాయంత్రం నేను వెనక గ్లాసులు కడుగుతుండగా పెళ్లిరోజు చేసుకుంటున్న ఒక జంట వచ్చింది. అన్నయ్య ఒక్కడే సీసా తీసి పోశాడు. నేను తుడిచిన గ్లాసులు తీసుకెళ్లేసరికి "చెర్రీ, మంచి మసాలా" అని వివరిస్తున్నాడు. నాకు మాత్రం తడిసి ముక్కిన అట్ట వాసన కొట్టింది. బిరడా చెడితే వచ్చే వాసన అది. ఆయనే నేర్పాడు.

"అన్నయ్యా, ఇది పాడైపోయిందండీ," అన్నాను, తెలుగులో, మెల్లగా.

గ్లాసు ముక్కుకు ఆనించుకున్నాడు. ఒకసారి. ఇంకోసారి. నావైపు తిరిగాడు. "ఏం వాసనొస్తుంది, చెల్లె?"

అప్పుడర్థమైంది. గది నిండా కొడుతున్న వాసన ఆయనకు అందడం లేదు. జ్వరం వచ్చినప్పటినుంచీ అంతే. గది మళ్లీ తెరిచాక ఈ ఎనిమిది నెలలూ అక్కడ పనిచేసింది నా ముక్కు.

ఏదో వంక చెప్పి సీసా మార్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆయన గ్లాసు కిందపెట్టి, ఆ జంటకు ఇంగ్లీషులో చెప్పాడు, జబ్బు చేశాక తనకు వాసన తెలియడం లేదని, సీసా చెడిందని, దాన్ని పసిగట్టింది నేనని. భర్త తాగబోతున్న గ్లాసు గాలిలోనే ఆగిపోయింది. గుమ్మంలో మా ముదీర్, అంటే రిసార్టు మేనేజరు, అంతా వింటూ నిలబడి ఉన్నాడు.

మర్నాడే అన్నయ్యకు ఖలాస్ అన్నారు, ఉద్యోగం పోయింది. ఆ స్థానంలో నన్ను నిలబెట్టారు. ఆయన వెళ్లేముందు నిలదీశాను. "నాకు నేర్పారా, నన్ను వాడుకున్నారా?"

సంచి భుజానికి తగిలించుకున్నాడు. "నాకే తెల్వదు, చెల్లె. రొండూ ఉన్నయేమో. భయమైంది."

కోపంతో వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ కోపం ఇప్పటికీ కొంచెం ఉంది, దాచను. కానీ పోయిన చలికాలం నాకు జలుబు చేసింది. గదిలో పదిమంది అతిథులు. ఏం చెప్పినా నమ్మేవాళ్లే. నోటికొచ్చిన పళ్ల పేర్లన్నీ నాలుక చివరే ఉన్నాయి. అన్నయ్యలాగే గ్లాసు బల్ల మీద పెట్టేసి, "ఈరోజు నా ముక్కు పనిచేయడం లేదు, క్షమించండి," అన్నాను. ముదీర్ గుడ్లురిమాడు. ఉద్యోగం పోతుందేమో అనుకుంటూనే తలెత్తి నిలబడ్డాను.