ఒక రంగు తక్కువైందని

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది పెద్ద నేరమేమీ కాదని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఎవరినీ చంపలేదు. ఎవరి సొత్తూ దొంగిలించలేదు. ఈ రెండో మాట రాసి ఆగిపోయాను. అది అబద్ధం. దొంగిలించాను. ఒక చీర. పాతది, నూలుది, ఊరికే ఇచ్చినా ఎవరూ కట్టుకోనిది. దాన్ని ఏం చేశానో ఒక్క మనిషికి కూడా చెప్పలేదు. నన్ను కట్టుకున్నవాడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే నా నోరు పెగలదు.

చిత్తూరులో మేము ఇల్లు కట్టుకున్నాం. హాలంతా నల్ల గ్రానైటు పరిపించాం. సోఫా ముందు ఒక మంచి తివాచీ ఉండాలని నాకు పట్టుదల. నవ్వుకోకండి, ఆ రోజుల్లో నాకు వేరే ధ్యాస లేదు. తిరుపతిలో కొట్టు కొట్టూ తిరిగాను. వాళ్ళు ఒకదాని మీద ఒకటి పరిచి చూపించేవారు. ఎర్ర పువ్వులవి కల్యాణ మండపంలో వేసేవాటిలా ఉన్నాయి. బొచ్చువి దుమ్ము పట్టిపోతాయి. ఏదీ మనసుకు రాలేదు. అప్పుడు తెలిసినవాళ్ళ ఇంట్లో ఒకటి చూశాను. పాత చీరలను పీలికలుగా చించి, మగ్గం మీద నేసిన తివాచీ. కాలు పెడితే ఎంత మెత్తగా ఉందో. నగరి దగ్గర ఒకాయన నేస్తాడని, చీరలు మనమే చించి ఉండలు చుట్టి ఇవ్వాలని చెప్పారు.

పాత చీరలకు మా ఇంట్లో కొదవ లేదు. మా అత్త పోయి అప్పటికి కొన్ని నెలలే.

అత్త చివరి ఏళ్ళన్నీ పక్షవాతంతో మంచంలోనే గడిచాయి. ఒళ్ళు తుడిచింది నేను. అన్నం పెట్టింది నేను. పక్కబట్టలు ఉతికింది నేను. ఆమె కూతురు రేణుక, నా ఆడబిడ్డ, సూళ్ళూరుపేటలో ఉంటుంది. ఎప్పుడైనా వచ్చి, తల్లి చేయి పట్టుకుని కాసేపు ఏడ్చి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది. ఆమె సంసారం ఆమెది, తప్పు పట్టడానికి లేదు. అత్త పోయిన రోజు రేణుక ఆపరేషన్ అయి ఆస్పత్రిలో ఉంది. ఆఖరి చూపు దక్కలేదు. పెద్దకర్మకు కూడా రాలేకపోయింది.

మంచాన ఉండగా అత్త ఒకరోజు నా చేత బీరువాలోంచి ఒక చీర తీయించింది. మామిడిపండు రంగు, వంకాయరంగు అంచు. మా ఆయనకూ రేణుకకూ పసితనంలో ఉయ్యాల కట్టింది దానితోనేనట. తర్వాత రేణుక కూతురికి కూడా. నా పిల్లలు మా పుట్టింట్లో పుట్టారు కాబట్టి ఆ చీర వాళ్ళను ఎరగదు. అత్త, సరిగా తిరగని నాలుకతో, అది రేణుకకని చెప్పింది. రేణుక మనవళ్ళ ఉయ్యాలకని చెప్పింది. నేను సరేనని తలూపాను. వేపాకులు వేసి, తుండుగుడ్డలో చుట్టి, పైఅరలో పెట్టాను. అంటే నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మిగతా చీరలన్నీ చించి, ఉండలు చుట్టి నగరికి తీసుకెళ్ళాను. నేసే ఆయన వాటిని వరసగా పేర్చి చూశాడు. అన్నీ మబ్బు రంగులే. బూడిద రంగు, కాఫీపొడి రంగు, వెలిసిన ఆకుపచ్చ. ఒక్క రంగు తక్కువైందమ్మా, పసుపో ఎరుపో మధ్యమధ్య పడితే కళగా ఉంటుందన్నాడు. అంతే అన్నాడు, పాపం. ఆయనకేం తెలుసు.

ఇంటికొచ్చి పైఅర వైపు చూశాను. ఒక కొత్త చీర కొని చించవచ్చు కదా? కొత్త నూలు బిరుసుగా ఉంటుందని, రంగు దిగుతుందని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అంచు దగ్గర కత్తెరతో గాటు పెట్టి లాగితే సర్రున చిరిగింది. పాత గుడ్డ కదా, కష్టపెట్టలేదు. ఒక్కచోట మాత్రం చిరగలేదు. ఉయ్యాల ముడి పడి పడి నలిగినచోట అత్త ఎప్పుడో లోపల ఇంకో గుడ్డ వేసి, దగ్గరదగ్గరగా కుట్టుకుంది. అక్కడ నా చేతులు ఆగాయి. ఆగడానికి దేవుడు ఇచ్చిన వీలు అదే కావచ్చు. నేను కత్తెర తీసుకున్నాను.

రంగు కోసమే చేశానా? చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదు. అన్ని ఏళ్ళు చాకిరీ చేసిన నన్ను పక్కన నిలబెట్టుకుని, ఆ మనిషి కూతురి పేరు చెప్పింది. చేసింది నేనైతే చీర ఆమెకా? ఆ మంట లోపల ఉంది. నేతాయన అన్న మాట దానికి సాకుగా దొరికింది. నాకు ఆ చీర కావాలని ఏనాడూ లేదు. రేణుకకు దక్కకూడదని మాత్రం ఉంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

తివాచీ చాలా బాగా వచ్చింది. బూడిద రంగు మధ్య ఆ పసుపు చారలు వెలిగిపోయాయి. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

కొన్నాళ్ళకు ఒళ్ళు కుదుటపడి రేణుక వచ్చింది. కొత్తిల్లంతా తిరిగి చూసి, సోఫాలో కూర్చుంది. చెప్పులు విడిచిన కాళ్ళు తివాచీ మీద పెట్టి, అరికాలితో అటూ ఇటూ రుద్దుతూ కిందికి చూసింది.

"ఈ పసుపు సూస్తే అమ్మ చీర గుర్తొస్తా ఉండాది వదినా. అదే, ఉయ్యాల చీర. యాడ పెట్టినావు? మా పాపకు నెలలు నిండుతా ఉండాయి. ఉయ్యాల కట్టల్ల."

నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టడానికి పట్టినంత సేపు కూడా ఆలోచించలేదు.

"అది లేదు రేణుకా."

"లేదంటే?"

"అత్తకు కట్టి పంపించినాము. పుట్టింటోళ్ళు తెచ్చిన కొత్త చీర పైన కప్పినారు. లోపల కట్టింది అదే. ఆమెకు అదంటే ప్రాణం గదా."

రేణుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మంచి పని చేసినావు వదినా. నేను ఆడ లేకపోతినే అని రోజూ కుమిలిపోతా ఉండాను. నన్ను మోసిన చీర అమ్మతో పోయింది. నాకు అది సాలు."

అప్పుడు కూడా ఆమె నిలబడి ఉంది ఆ తివాచీ మీదే. నేనూ దాని మీదే నిలబడి ఉన్నాను.

ఆమె మనవడికి బజారులో ఉయ్యాల కొన్నారు. రేణుక ఆ మాటను మాత్రం వదల్లేదు. అన్నతో చెప్పింది. మా ఆయన నా వైపు చూసి, ఏ చీరో నాకు గుర్తులేదన్నాడు. ఏటేటా అత్త తిథికి చుట్టాలంతా చేరినప్పుడు, మా వదిన మా అమ్మను ఎలా సాగనంపిందో తెలుసా అని మొదలుపెడుతుంది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు. ఒకరిద్దరు నా చేయి పట్టుకుని కోడలంటే నువ్వమ్మా అంటారు. నేను వడ్డన పనుందని వంటింట్లోకి పోతాను. తిడితే పడవచ్చు. ఆ మెచ్చుకోలు పడలేక చస్తున్నాను.

ఎందుకు చెప్పలేదు? మొదట భయం. ఇప్పుడు భయం ఒక్కటే కాదు. తల్లి ఆఖరి చూపు దక్కని మనిషికి మిగిలిన ఊరట నా అబద్ధమే. నిజం చెబితే ఆ కాస్తా నేనే లాక్కున్నదాన్ని అవుతాను. అది నిజంగా ఆమె మీద జాలేనా, లేక ఇంకో సాకా? నాకే తెలియదు. సాకులు వెతకడంలో నేను ఆరితేరిపోయాను.

పోయిన నెల వచ్చినప్పుడు రేణుక ఆ తివాచీ అడిగింది. మోకాళ్ళు అరిగిపోయాయట. పొద్దున లేచి చల్లటి బండల మీద కాలు పెడితే ప్రాణం పోతున్నట్టు ఉందట. వద్దనడానికి ఏం చెప్పను? నేనే చుట్టి, తాడు కట్టి ఇచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, అది వాకిలి దాటగానే నాకు హాయిగా అనిపించింది. ఎవరిది వాళ్ళకు చేరిందిలే అని కూడా అనుకున్నాను. ఎంత సులువుగా అనుకున్నానో!

మొన్న ఫోన్ చేసింది.

"మంచం పక్కనే ఏసుకున్నా వదినా. లేస్తానే కాళ్ళు దాని మీదనే పెడతా. ఎంత మెత్తగా ఉండాదో."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయాను. అత్త ఫొటోకు కాలు తగిలినా కళ్ళకద్దుకునే మనిషి రేణుక.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి మీరు కాదు. ఆమెతో ఎప్పటికైనా చెబుతానని మాట కూడా ఇవ్వలేను. చెప్పాల్సిన మాటలు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వరసగా కూర్చుకోలేదు. ఈరోజు ఇక్కడ రాస్తాను. రాస్తే కనీసం అవి నా లోపల మాత్రమే ఉన్న మాటలు కాకుండా పోతాయి.

రేణుకా, మీ అమ్మ చీర కాలిపోలేదు. నేను చించినాను. నీదని తెలిసే చించినాను. పొద్దున్నే లేచి నువ్వు కాళ్ళు పెడతా ఉండేది దాని మీదనే.