పగలని నిమ్మకాయలు

రేణిగుంటలో నాకు బండ్ల షెడ్డు ఉంది. నేలమీదా నీళ్లలోనూ నడిచే ఎనిమిది చక్రాల బండి ఒకటి మూడు వారాల క్రితం నా దగ్గరికి వచ్చింది. వరదల్లో జనాన్ని బయటికి తేవడానికి సర్కారువాళ్లు కొన్నారు దాన్ని. పోయిన వానాకాలంలో వాగులో రాళ్లమీద కడుపు ఆని, కదలకుండా కూర్చుంది. అవతల మిద్దెమీద ఒక కుటుంబం పొద్దుగూకేదాకా దానివైపే చూస్తూ తడిసింది.

నేను పెద్ద టైర్లు వేసి బండి అడుగును బెత్తెడు పైకి లేపాను. బురదలో దిగబడకూడదంటే వీటిలో గాలి తక్కువ ఉండాలి. చేత్తో నొక్కితే సొట్టపడేంత మెత్తగా ఉంటాయి.

ఈ ఉదయం ఆఫీసరు వచ్చి పూజ చేయించాడు. చక్రాల కింద గూడూరు నిమ్మకాయలు పెట్టారు. బండి వాటిమీదుగా పోయింది. ఒక్కటీ పగల్లేదు. వెనక్కి తెచ్చి మళ్లీ పోనిచ్చినా అంతే.

ఆఫీసరు ముఖం మాడిపోయింది. "శకునం బాగలేదప్పా. పాత టైర్లే ఎయ్యి."

"మెత్తగుంటేనే సార్ బురదలో పోయేది. పాతవి ఏస్తే మళ్లా రాళ్లకు తగులుకుంటాది."

"నిమ్మకాయనే తొక్కలేంది వరదను యాడ తొక్కుతాదప్పా?"

సాయంత్రానికి పాత టైర్లు బిగించి, గాలి గట్టిగా కొట్టాను. నిమ్మకాయలు చక్కగా పగిలాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు బయట చినుకులు మొదలయ్యాయి. ఈసారి మిద్దెమీద నిలబడేవాళ్లకు, నిమ్మకాయలు బాగానే పగిలాయని ఎవరు వెళ్లి చెప్తారో మీకెవరికైనా తెలిస్తే రాయండి.