చెరువులో గీసిన దారి

మా ఆయన పాల వ్యాను నడిపేవాడు. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పాలు ఎక్కించుకుని మదనపల్లెలో దించడం, అప్పుడప్పుడూ కుప్పం దాకా పోయి రావడం ఆయన పని. కుప్పం దాటితే ఫోనుకు పిచ్చి పడుతుంది. ఒక మలుపులో తమిళనాడుకు స్వాగతం అంటుంది, ఇంకో మలుపులో కర్ణాటకకు స్వాగతం అంటుంది, ఆ పైన సిగ్నలే ఉండదు. అందుకని ఎవరో చెబితే, నెట్ లేకుండా నడిచే మ్యాపు ఒకటి ఫోనులో వేసుకున్నాడు. దానికి రూపాయి కట్టక్కర్లేదు. అందులో తప్పుంటే మనమే దిద్దవచ్చు, లేని దారిని మనమే గీయవచ్చు, గీసింది లోకమంతా వాడుకోవచ్చు.

ఆ సంగతి తెలిశాక ఆయన్ను పట్టలేకపోయాను. బండి పోయిన ప్రతి బాటా ఫోనులో గీతగా పడేది. ఇంటికొచ్చి, అన్నం ముందు పెట్టుకుని, ఆ గీతలకు పేర్లు రాసేవాడు. సంగటి చల్లారిపోయేది, నాకు ఒళ్లు మండేది.

"ఎవురు సూస్తారయ్యా ఇవన్నీ?" అనేదాన్ని.

"ఎవురో ఒకరు దోవ తప్పుతారు మే. అప్పుడు సూస్తారు."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వేళాకోళం చేస్తే, ఆ ఉలిపికట్టె దారి కూడా గీసేస్తానని నవ్వేవాడు.

ఆ గీతల్లో ఒకటి ఆయన సొంత ఊరి చెరువు మధ్యలో నుంచి పోతుంది. తెలియనివాళ్లకు పిచ్చిపనిలా ఉంటుంది కానీ, మా వైపు చెరువులు పేరుకే చెరువులు. ఏళ్ల తరబడి చుక్క నీరు నిలవక, తుమ్మచెట్లు మొలిచి, గొర్రెలు మేసి, అందరూ అడ్డంగా నడిచి నడిచి చివరికి చెరువులోనే రోడ్డు పడుతుంది. చుట్టు తిరిగి పోయేవాణ్ణి చూసి నవ్వుతారు. ఆయనా వ్యానును ఆ అడ్డదారిలోనే దించేవాడు.

మ్యాపులో నీలం రంగు మీద గోధుమరంగు గీత చూసి, "ఏమయ్యా, నీళ్లమీద నడిపిస్తాండావే వ్యానును?" అన్నాను.

"నీళ్లు యాడుండాయి మే, రంగే కదా ఉండేది" అన్నాడు. అని, వాకిట్లోకి పోయి మబ్బుల వైపు చూసి వచ్చాడు.

పోయిన ఎండాకాలం, ఇంట్లో టీ తాగుతూ, గుండె ఆగి పోయాడు. ఆయన ఫోను నా దగ్గరే ఉండిపోయింది. పనీపాటా లేని మధ్యాహ్నాల్లో మ్యాపు తెరిచి ఆ గీతల మీద వేలు పెట్టి తిరిగేదాన్ని. తంబళ్లపల్లె గుట్టల నడుమ, గంగవరం తోటల పక్కన, కుప్పం దగ్గర అడవి అంచున. ఎక్కడికి పోయినా ఆయన ముందే పోయి ఉంటాడు. ఇంట్లో చాప మీదే ఉన్నా, వ్యానులో ఆయన పక్కన కూర్చున్నట్టే ఉండేది.

తర్వాత వానలు పడ్డాయి. ఈసారి మొక్కుబడికి పడలేదు. ఒక పొద్దున, ఆ వ్యాను ఇప్పుడు నడుపుతున్న డ్రైవరు ఫోన్ చేశాడు.

"అక్కా, ఏమనుకోవద్దు. అన్న గీసిన దోవలో వస్తి. మంచులో ఏమీ కనపడలా. ముందు చక్రాలు నీళ్లలో దిగినాక తెలిసింది, చెరువు నిండుండాదని. తెలీనోడు ఎవుడన్నా వచ్చింటే నేరుగా లోపలికి పోయేవాడు. ఆ గీత తీసెయ్యక్కా."

తీసెయ్యాలని నాకూ తెలుసు. అయినా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఆయన గీసిన వాటిలో చివరిది అదే. మనిషిని ఎట్లాగూ ఉంచుకోలేకపోయాను, గీతనన్నా ఉంచుకోనివ్వరా?

కళ్లతో చూసి తేల్చుకుందామని స్కూటీ తీశాను. మ్యాపులోని గొంతు కుడికి, ఎడమకు అంటూ తీసుకుపోయింది. మంచు ఇంకా విడవలేదు. బాట నీళ్లలోకి జారిన చోట ఆగాను. అవతలి ఒడ్డు కనిపించలేదు. నీళ్లూ ఆకాశమూ ఒకటే రంగులో ఉన్నాయి, తుమ్మచెట్ల కొనలు మాత్రం తేలుతున్నాయి. "నేరుగా వెళ్లండి" అంది ఫోను.

చెప్పులు విడిచి వెళ్లాను. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు భయం లేదు. పాదాల కింద చక్రాల గాడి తగులుతూనే ఉంది. నీళ్లు మోకాళ్లు దాటినా ఫోనులో నా చుక్క ఆయన గీత మీదే కదులుతోంది. ఇట్లే పోతే అవతల వ్యాను ఆపుకుని, బీడీ కాలుస్తూ, ఇంతసేపా అని గొణుగుతూ ఉంటాడనిపించింది.

"యాడికమ్మా పోతాండావు?" ఒడ్డున బట్టలు ఉతుకుతున్న ఆమె కేకేసింది. "ఆడ మట్టికని తవ్విన గుంతలుండాయి. మునిగిపోతావు, రా ఈడికి."

వెనక్కి వచ్చాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, బండ మీద మూటను జరిపి చోటిచ్చింది. నా వెనక వచ్చేవాళ్లను పిలవడానికి ఆమె ప్రతిసారీ ఇక్కడ ఉండదు కదా. గీతను నొక్కాను. తీసెయ్యాలా అని అడిగింది ఫోను. తీసేశాను.

అంతటితో వదల్లేదు. ఎందుకు తీశారో రాయమని ఖాళీ పెట్టె ఒకటి చూపించింది. ఏం రాయను? ఆకాశాన మొగులు పట్టినప్పుడల్లా సొంత ఊళ్లో ఉన్న వాళ్ల అన్నకు ఫోన్ చేసి, చెరువులోకి నీళ్లొచ్చినాయా అని అడిగి అడిగి పోయిన మనిషి. "చెరువు నిండింది" అని రాసి పంపాను. ఫోనులో ఉన్నది ఆయన ఖాతానే కాబట్టి, ఆ మాట కింద ఆయన పేరే పడింది.