నిలబెట్టిన మంచం

నాకు డాక్టరేట్ వచ్చింది. మా ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ తర్వాత ఆ కబురు మొదట చెప్పాలనిపించింది, నన్ను ఏనాడూ కూర్చోమనని ఒక మామ్మగారికి.

కాకినాడ దగ్గర మడ అడవుల్లో నీటికుక్కల మీద నా పరిశోధన. అవి పిల్లల్ని పెట్టే పాయలో ఆ కొన్నాళ్లూ వల వెయ్యకూడదని అక్కడి జాలర్ల కట్టుబాటు. దాన్ని నడిపించేది ఆవిడే. నేను కనిపిస్తే చాలు, వాకిట్లో వాల్చిన మంచం ఎత్తి గోడకి నిలబెట్టేసేది.

"ఇదివరకొకడు ఇలాగే వచ్చి అవి ఏ పాయలో ఉంటాయో రాసుకెళ్లాడు. ఆఫీసర్లు మా పడవల్ని అటు పోనివ్వట్లేదు. నువ్వూ అందుకేగా?"

నిన్న వెళ్లాను. మంచం లేచింది.

"డాక్టరేట్ వచ్చిందండి మామ్మగారూ."

"ఏ పాయో రాశావా?"

"రాయలేదండి. మా సారు తిట్టారు, అయినా రాయలేదు."

"అసలుది రాయకుండా పట్టా ఎలా ఇచ్చారే? అంతా దొంగ సరుకు."

కూర్చోమనలేదు. మంచాన్ని మాత్రం గోడ దగ్గర్నుంచి లాగి, నాకు ఎండ తగలకుండా పందిరి రాటకి ఆనించింది.

"నవ్వింది చాలు, నడువు" అంది.